శనివారం చేప తేన్పు

నలభై దాటిన గుడివాడ బ్యాంకు గుమాస్తా ఒకాయనకి ఉన్నట్టుండి కండల మీద మోజు పుట్టింది. జిమ్ములో చేరిన తొలిరోజే బస్కీలు ఇరగదీశాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. మర్నాడు కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. మూడోనాడు బ్యాంకు మెట్లు ఎండ్రకాయలా అడ్డంగా దిగాడు.

"లాక్టిక్ ఆసిడ్ సార్" అని తేల్చేశాడు జిమ్ము కుర్రాడు. పాపం, ఆ ఆసిడ్‌కి ఈ నేరంతో సంబంధం లేదు. కసరత్తు ఆపిన గంటా రెండు గంటల్లో అది రక్తంలోంచి సర్దుకుపోతుంది. అసలు కారణం, బరువు కాస్తూ కండ సాగడం. బస్కీలో కిందికి దిగేటప్పుడు జరిగేది అదే. అలవాటు లేని కండలో సన్నటి పోగులు చిట్లి, వాపు పుట్టి, 24 నుంచి 72 గంటల మధ్య సలుపు ముదురుతుంది.

"అయితే ఫిష్ ఆయిల్ వాడండి సార్." ఇది కుర్రాడి రెండో తీర్పు.

ఇందులో కొంత నిజముంది. 1970ల మొదట్లో బ్యాంగ్, డయర్‌బర్గ్ అనే డెన్మార్క్ పరిశోధకులు గ్రీన్‌లాండ్ వెళ్ళి, సీలు మాంసమూ చేపలూ తినే అక్కడి ఇన్యూట్ తెగవాళ్ళ రక్తం పరీక్షించారు. చేపనూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వుల పేరు మోగింది అప్పటినుంచే. అవి కణాల పొరల్లో చేరి వాపు జోరు తగ్గిస్తాయి. కానీ చేరడానికి వారాలు పడుతుంది. కండల సలుపు మీద జరిగిన ప్రయోగాల్లో కొన్ని కాస్త తగ్గిందన్నాయి, కొన్ని తేడాయే లేదన్నాయి. పైగా చాలా ప్రయోగాల్లో ఇచ్చింది రోజుకి రెండు మూడు గ్రాముల ఒమేగా-3. వెయ్యి మిల్లీగ్రాముల మామూలు గొట్టం మాత్రలో ఉండేది సుమారు 300 మిల్లీగ్రాములు. గుమాస్తా వేళ్ళు మడిచాడు: రోజుకి ఏడు నుంచి పది! రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా ఆ జోలికే పోకూడదు.

సంగతి నాగాయలంక చేరింది.

"బందరు పక్కనే పెట్టుకుని సీసాలో చేప కొంటారా అల్లుడుగారూ?" అంది అత్తగారు ఫోన్లో.

"చేపలు తింటూనే ఉన్నానండీ, ఆదివారం బొచ్చె పులుసే కదా."

ఆ బొచ్చె కైకలూరు చెరువుది. తవుడూ చెక్కా మేసి పెరిగింది. చేపల్లోని ఒమేగా-3కి మూలం సముద్రపు నీటిలోని నాచుజీవులు. వాటిని తిన్న చిన్న ప్రాణుల మీదుగా అది చేపకి చేరుతుంది. బందరు గిలకలదిండి రేవులో దిగే కానాగంతల్లో, కవళ్ళలో అందుకే దండిగా ఉంటుంది.

"తొలిరోజు నాట్లేస్తే మాకూ నడుం విరుగుతుంది. నాలుగోరోజుకి అదే సర్దుకుంటుంది. ఏం మింగామని?" అందావిడ. శాస్త్రమూ అదే అంటుంది: ఒకసారి దెబ్బతిని కోలుకున్న కండ, రెండోసారి అదే పనికి అంతగా నొచ్చుకోదు.

అల్లుడు సరే, సముద్రపు చేపలే తెచ్చుకుంటానన్నాడు. ఈలోగా ఏప్రిల్ 15 వచ్చి, జూన్ 14 దాకా సముద్రంలో వేటకి నిషేధం పడింది. ఆయన గుట్టుగా ఫిష్ ఆయిల్ డబ్బా కొన్నాడు. వేసవికి గుడివాడ వచ్చిన అత్తగారు ఓ శనివారం పప్పూ, దోసకాయ పచ్చడీ వడ్డిస్తుంటే అల్లుడికి పెద్ద తేన్పు వచ్చింది.

"శనివారం పూట ఈ చేప వాసనేంటండీ?"

"మందు అత్తయ్యగారూ."

"మందా! జూన్ 14 దాటనివ్వండి. ఆ మందేదో మూడు పూటలా నేనే వండి పెడతాను."