ఆవకాయకు నిద్రెందుకు?

డల్లాస్‌లో ఉన్న మనవడికి పంపిన ఆవకాయ ఎందాకా వెళ్ళిందో చూసిపెట్టమని మా మేనత్త ఫోను నా చేతిలో పెట్టింది. విజయవాడలో బయల్దేరిన నాలుగు కిలోల డబ్బా అది. మూత చుట్టూ టేపు, దాని మీద కవరు, ఆ పైన బబుల్ షీటు, నూనె కారితే పరువు పోతుందని మళ్ళీ ఇంకో కవరు. తెర మీద చూస్తే మెంఫిస్, రాత్రి 1:52 అని ఉంది.

"అపరాత్రి వేళ దానికక్కడ ఏం పనిరా?"

"విమానం మారుతోంది అత్తయ్యా."

"అది మారుతుంది సరే. తోలేవాడు పడుకునేదెప్పుడు?"

డెబ్భై రెండేళ్ళ మనిషి ఫోను చూసి ఒక్క నిమిషంలో అడిగిన ఈ మాట మీద అమెరికాలో కోర్టు కేసు నడిచింది.

మెంఫిస్‌లో ఫెడెక్స్ 1973 ఏప్రిల్‌లో 14 చిన్న విమానాలతో, మొదటి రాత్రి 186 పార్సిళ్ళతో దుకాణం తెరిచింది. ఇవాళ దుకాణం కాస్తా సంత అయింది గానీ పద్ధతి మాత్రం మారలేదు. నలుమూలల నుంచీ విమానాలు అర్ధరాత్రి వచ్చి వాలతాయి, డబ్బాలు బెల్టుల మీద ఊరూరికీ వేరుపడతాయి, తెల్లారకముందే అన్నీ మళ్ళీ ఎగిరిపోతాయి. ఆ సందులో పైలట్ ఓ చిన్న గదిలో నడుం వాలుస్తాడు. కునుకు పట్టేసరికి అలారం మోగుతుంది. లూయీవిల్‌లో యూపీఎస్ వాళ్ళదీ ఇదే కోడికూత కాపురం.

ఇక చట్టం సంగతి. 2009 ఫిబ్రవరి 12న బఫలో ఊరి దగ్గర ఓ చిన్న ప్రయాణికుల విమానం కూలి 50 మంది పోయారు. పైలట్ల అలసట గురించి దేశమంతా మాట్లాడుకుంది. ఆ కో పైలట్ ముందు రాత్రంతా ప్రయాణం చేసి సియాటిల్ నుంచి డ్యూటీకి వచ్చిందని దర్యాప్తులో తేలింది. ఎలా వచ్చిందనుకున్నారు? కార్గో విమానంలో, మెంఫిస్ మీదుగానే. మా ఆవకాయ వెళ్ళిన దారే.

దాంతో విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ కొత్త నిద్ర రూలు రాసింది. డ్యూటీకి ముందు పది గంటల విశ్రాంతి, అందులో ఎనిమిది గంటలు నిద్రకు వీలుండాలి. డ్యూటీ ఏ వేళ మొదలైందన్న దాన్నిబట్టి 9 నుంచి 14 గంటల లోపు ముగించాలి. 2010 నాటి ముసాయిదాలో కార్గో పైలట్లూ ఉన్నారు. 2011 డిసెంబరులో అసలు రూలు వచ్చేసరికి లేరు. పెళ్ళి శుభలేఖలో పేరుండి, భోజనాల దగ్గర విస్తరి లేకపోయినట్టయింది వాళ్ళ పని. ఇష్టమైతే కార్గో కంపెనీలు కూడా పాటించవచ్చని ఓ మర్యాద మాట మాత్రం రాశారు. బంద్ రోజున దుకాణాలు స్వచ్ఛందంగా మూసుకోవచ్చని మన నాయకులు అంటారే, అలాగ.

ఎందుకు తీసేశారయ్యా అంటే, లెక్క కుదరలేదట. రూలు వల్ల మిగిలే ప్రాణాలను డాలర్లలోకి మార్చి, కంపెనీలకయ్యే ఖర్చుతో తూచాలి. 2011లో ఆ దేశపు రవాణా శాఖ ఒక్కో ప్రాణానికి కట్టిన ఖరీదు 62 లక్షల డాలర్లు. ప్రయాణికుల విమానంలో రెండొందల తలకాయలుంటే తక్కెడ టక్కున కిందికి దిగుతుంది. కార్గో విమానంలో ఉండేవి రెండే తలలు, మిగతావన్నీ డబ్బాలు. డబ్బాలకు ప్రాణం లేదు కాబట్టి లాభం కన్నా ఖర్చెక్కువ అని తేలింది. ఒకే ఆకాశం, ఒకే రన్‌వే, ఒకే రకం కనురెప్పలు. కానీ అవి ఎంతసేపు బరువెక్కాలో నిర్ణయించేది మాత్రం వెనకాల తలుపు అవతలున్న సరుకు. కార్గో పైలట్‌ని 16 గంటలదాకా డ్యూటీలో ఉంచవచ్చని యూనియన్లు మొత్తుకుంటూనే ఉన్నాయి.

యూపీఎస్ పైలట్ల సంఘం 2011లోనే కోర్టుకెక్కింది. ఖర్చు లెక్కలు చూసుకునే అధికారం ఎఫ్‌ఏఏకి ఉందని 2016 జనవరిలో కోర్టు కేసు కొట్టేసింది.

ఈ మధ్యలో, 2013 ఆగస్టు 14న తెల్లవారుజామున, లూయీవిల్ నుంచి వెళ్ళిన యూపీఎస్ విమానం బర్మింగ్‌హామ్‌లో రన్‌వేకి ముందే నేల తాకింది. ఇద్దరు పైలట్లూ పోయారు. ఈ రూలు గురించీ, తమకు దొరకని విశ్రాంతి గురించీ వాళ్ళిద్దరూ చెప్పుకున్న మాటలు కాక్‌పిట్ రికార్డింగులో ఉన్నాయి. ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. కంపెనీ వాదన కూడా చెప్పాలి. ఆ షెడ్యూలు కొత్త రూలు ప్రకారం చూసినా తప్పు కాదని వాళ్ళన్నారు. దొరికిన ఖాళీని కో పైలట్ నిద్రకు సరిగ్గా వాడుకోలేదని దర్యాప్తు సంస్థ కూడా రాసింది. పగలు పడుకోమంటే ఒళ్ళు వినదని నైట్ డ్యూటీ చేసిన ఏ నర్సునడిగినా చెబుతుంది.

కార్గో వాళ్ళనూ రూలులో కలపాలన్న బిల్లును 'సేఫ్ స్కైస్' పేరుతో అమెరికా కాంగ్రెస్‌లో ఒకటికి నాలుగుసార్లు పెట్టారు. పెట్టిన ప్రతిసారీ అది అక్కడే గుర్రుపెట్టింది. వనవాసంలో లక్ష్మణుడు కన్ను మూయకుండా ఉన్నాడంటే ఆయన వంతు నిద్ర అయోధ్యలో ఊర్మిళ పోయింది కాబట్టి. ఈ పైలట్ల వంతు నిద్ర ఎవరు పోతున్నారో నాకు ఇప్పుడర్థమైంది.

"సీనియర్ కెప్టెన్‌కి ఏడాదికి మూడు లక్షల డాలర్ల పైమాటే కదా, వాళ్ళకీ యూనియనా?" అని మా వీధి చివర టీకొట్టు దగ్గర ఒకాయన అడిగారు. 2023లో ఫెడెక్స్ కూడా ఇదే అనుకుని ఉండాలి. జీతం 30 శాతం పెంచుతామన్న ఒప్పందాన్ని ఆ జులైలో 57 శాతం పైలట్లు ఓటేసి తిప్పికొట్టారు. అంతకు రెండు నెలల ముందు సమ్మెకు సై అన్నవాళ్ళు 99 శాతం! డబ్బుతో పాటు పెన్షను, పని వేళలు, ఏ విమానం ఎవరు నడపాలన్న హామీలు కూడా వాళ్ళ పేచీలో ఉన్నాయి. అక్కడ అన్నిటికీ చేరిన తేదీయే జాతకం. సీనియర్‌కి నచ్చిన ట్రిప్పు, జూనియర్‌కి మిగిలిన ట్రిప్పు. క్రిస్మస్ రాత్రి అందరి కానుకలూ మోసేవాడు ఎవరో చెప్పక్కర్లేదు.

సరే, సమ్మె చేయొచ్చుగా? అక్కడే ఉంది తిరకాసు. విమానాల వాళ్ళ పేచీలు తేల్చేది రైళ్ళ చట్టం. 1926 నాటి రైల్వే లేబర్ యాక్ట్‌ని 1936లో వీళ్ళకూ తగిలించారు. దాని ప్రకారం పాత ఒప్పందానికి చావు లేదు, 'సవరించదగిన' స్థితికి వస్తుందంతే. ఫెడెక్స్ ఒప్పందం 2021లో ఆ స్థితికి వచ్చింది. మధ్యవర్తిత్వ బోర్డు వదిలితే తప్ప సమ్మె మాటెత్తకూడదు. వదిలాక 30 రోజులు చల్లబడాలి. అప్పటికీ చల్లబడకపోతే అధ్యక్షుల వారు ఇంకో బోర్డు వేయొచ్చు. విక్రమార్కుడు నోరు విప్పిన ప్రతిసారీ శవం మళ్ళీ చెట్టెక్కుతుందన్నమాట.

2023 చివర్లో మరో ముచ్చట జరిగింది. పని తగ్గి పైలట్లు ఎక్కువైపోయారని, ఓ ప్రాంతీయ ప్రయాణికుల సంస్థలో ఉద్యోగాలున్నాయి చూసుకోండని ఫెడెక్స్ తన పైలట్లకే సూచించింది. కోపం తెచ్చుకున్నారు గానీ, నన్నడిగితే అందులో వాత్సల్యం ఉంది. అక్కడ వెనకాల మనుషులుంటారు. నిద్ర చట్టబద్ధం!

ఇదంతా మా అత్తయ్యకి చెప్పాను. మూడో రోజుకి ఆవకాయ భద్రంగా చేరింది. ఆ వారమే గోంగూర పట్టుకుని నన్ను కొరియర్ కొట్టుకి లాక్కెళ్ళింది. కుర్రాడు బరువు చూసి ఫారం తీశాడు.

"లోపల ఏముందో చెప్పండి మామ్మగారూ, రాయాలి."

"గోంగూర పచ్చడి. పక్కన ఒక మనిషి అని కూడా రాయి నాయనా."

"మనిషా!"

"ఊరికే రాయి. మనిషున్నాడంటే తోలేవాణ్ణి పడుకోనిస్తారట."

కుర్రాడు నా వంక చూశాడు. నేను గోడ మీద రేట్ల పట్టీ చదువుతున్నట్టు నటించాను.

"మనిషికి మా దగ్గర కిలో రేటు లేదండీ," అన్నాడు. "గోంగూర అనే రాస్తున్నా."