శీతలరావుగారి చలవపెట్టె

ప్రతి అపార్టుమెంటుకీ ఒక వాచ్‌మన్, ఒక సెక్రటరీ, ఒక శీతలరావు ఉంటారు. మొదటి ఇద్దరూ మారుతుంటారు, శీతలరావు మారడు. అసలు పేరు ఏదైనా కావచ్చు, ఉద్యోగంలో ఉండొచ్చు, రిటైరై ఉండొచ్చు. శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్ళిపోయిన మర్నాటి నుంచి, సెల్లార్లో కారు తలుపు తెరిచి గ్లవ్‌బాక్సులో తల దూర్చి కనిపించే మనిషే శీతలరావు. మా బెజవాడలో ఈ జాతి దివ్యంగా వర్ధిల్లుతోంది. ఎండలు అలాంటివి మరి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని చెప్పి పెద్దలు ఊరుకున్నారు గానీ పవర్‌బ్యాంకుల సంగతి చెప్పలేదు. ఆ వెలితి పూడ్చడానికే తాను పుట్టానని ఆయన నమ్మకం.

తక్కినవాళ్ళ గ్లవ్‌బాక్సుల్లో ఏముంటాయి? ఆర్‌సీ జిరాక్సు, ఇన్సూరెన్సు కాగితం, దుర్గమ్మ గుడి కుంకుమ పొట్లం, ఎప్పటిదో టోల్‌గేటు రసీదు. శీతలరావుగారి దాంట్లో దారి చూపించే పాత ఫోను, అది దారి తప్పితే చూసుకోవడానికి ఇంకో పాత ఫోను, పవర్‌బ్యాంకు, బ్లూటూత్ స్పీకరు, ఘంటసాల పాటల పెన్‌డ్రైవు, టైర్లకి గాలి కొట్టే బుల్లి పంపు, వీటన్నిటి ఛార్జర్లు కాపురం చేస్తుంటాయి. కారు కాగితాలకి అందులో చోటు చాలక వాళ్ళావిడ హ్యాండ్‌బ్యాగులోకి చేరాయి. ఆ హ్యాండ్‌బ్యాగు సంగతి మళ్ళీ వస్తుంది.

వేడి కొలవందే ఆయనకి పొద్దు గడవదు. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టే థర్మామీటరు ఇంట్లో ఉంటే, మొదట దాన్నే డాష్‌బోర్డుకి గురిపెట్టారు. అది మనుషుల జ్వరం చూడ్డానికి చేసింది, నలభై మూడో ఎంతో దాటితే అంకెలు మానేసి 'హెచ్ ఐ' అని చూపిస్తుంది. పక్కనున్న మనవడు దాన్ని కూడబలుక్కుని చదివి, "తాతయ్యా, నీకు హాయ్ చెబుతోంది" అన్నాడు. మర్నాడే ఫ్యాక్టరీల్లో వాడే థర్మామీటరు గన్ను ఇంటికి వచ్చింది. ఇప్పుడాయన అది లేకుండా లిఫ్టు ఎక్కరు. పాలప్యాకెట్టు, పక్కింటాయన స్కూటరు సీటు, సెక్రటరీ బట్టతల అన్నీ కొలతకి లోబడ్డాయి.

ఆయనతో లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకి ఐదో అంతస్తు లోపు పరిశోధన మొత్తం తెలిసిపోతుంది. అమ్మాయి అరిజోనాలో ఉంటుంది, అందుచేత అక్కడి ఎండ కూడా మన ఇంటి ఎండే. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు టెంపే ఊళ్ళో కార్లని ఎండలో నిలిపి కొలిచిన లెక్కలు 2018లో వచ్చాయి. ముప్పై ఎనిమిది డిగ్రీలు దాటిన రోజుల్లో ఒక్క గంటకి కారు లోపలి గాలి సగటున 47 డిగ్రీలకి, డాష్‌బోర్డు 69 డిగ్రీలకి చేరాయి. నీడలో పెట్టిన కార్లలో అవే 38, 48. "అద్దంలోంచి ఎండ లోపలికి వస్తుందండీ. డాష్‌బోర్డు దాన్ని తాగి గాలిని కాలుస్తుంది. ఆ గాలికి బయటికి పోయే దారుండదు. అద్దం ఓ అంగుళం దించినా పెద్దగా ఒరిగేదేం లేదు, అదీ కొలిచారు!" ఇందులో ఒక్క ముక్కా తప్పు కాదు, అదే మన ప్రాణానికొచ్చింది. తప్పు చెప్పేవాడితో వాదించొచ్చు. కరెక్టుగా చెప్పేవాడితో ఏం చేస్తాం, ఫ్లోరు రాగానే దిగిపోతాం.

గ్లవ్‌బాక్సు సామాన్లని ఈ వేడి నుంచి కాపాడే యుద్ధం అద్దాలతో మొదలైంది. నల్ల ఫిల్ములు వేయించారు. 2012లో సుప్రీంకోర్టు వాటిని తీసేయమన్నాక ట్రాఫిక్ పోలీసులు బెంజి సర్కిల్ దగ్గర ఆపి బరబరా పీకేశారు. ఆ తీర్పు తన పవర్‌బ్యాంకు మీదే వచ్చిందని ఆయన ఇప్పటికీ బాధపడతారు.

తర్వాత ఆటోనగర్. పాత కంప్యూటర్లోంచి పీకిన ఫ్యాను తీసుకెళ్ళి గ్లవ్‌బాక్సులో బిగించమన్నారు. "సార్, మూత మూసేశాక ఇది దుప్పటి ముసుగేసుకుని లోపల విసనకర్ర విసురుకున్నట్టే సార్. ఉన్న వేడే తిరుగుద్ది" అన్నాడు ఎలక్ట్రీషియన్. ఆయన కాదన్లేదు. ఓ పక్క గాలి రావడానికి, ఇంకో పక్క పోవడానికి రెండు కన్నాలు పెట్టించారు. గాలి రావడమూ పోవడమూ జరిగాయి. వచ్చేది మాత్రం కారు లోపలి గాలే, మే నెలది. ఫ్యాను ఎంత తిరిగినా పెట్టెని బయటి గాలి కంటే చల్లగా చెయ్యలేదని తెలియడానికి ఆయనకి ఓ వేసవి పట్టింది. ఎలక్ట్రీషియన్ ఆ మాట ముందే అన్నాడు గానీ వాడి దగ్గర థర్మామీటరు గన్ను లేదు కదా.

అప్పుడు పెల్టియర్ ప్రవేశించాడు. 1834లో ఈ ఫ్రెంచి ఆయన, రెండు వేర్వేరు లోహాలు కలిసిన చోట కరెంటు పారిస్తే ఒక కొస చల్లబడి రెండో కొస వేడెక్కుతుందని కనిపెట్టాడు. ఇప్పుడది అగ్గిపెట్టె కంటే పల్చటి బిళ్ళగా దొరుకుతుంది. శీతలరావుగారు చల్లబడే ముఖం చూసి మురిసిపోయి, రెండో ముఖం సంగతి మర్చిపోయి, బిళ్ళనంతా పెట్టెలోనే పెట్టేశారు. పెల్టియర్ వేడిని మాయం చెయ్యడు, ఇటునుంచి అటు మోస్తాడు. మోసిన కూలి కింద తాగిన కరెంటంతా మళ్ళీ వేడే. పెట్టె మునుపటి కంటే కాలింది.

ఆ వేడి బయటికి పోవాలి కదా. గొట్టం ఒకటి పెట్టించి దాని మూతిని కిందికి తిప్పారు. కింద ఉన్నవి ఆవిడ మోకాళ్ళు.

"ఏవండీ, కాలిపోతున్నాయండీ!"

"కాపడం అనుకోవే. డాక్టరు పెట్టుకోమన్నాడుగా."

ఈ బిళ్ళకి గంట గంటకీ ఆరు ఆంపియర్ అవర్లు కావాలి. కారు బ్యాటరీ ముప్పై అయిదు ఆంపియర్ అవర్లది. ఇంజన్ ఆపినా చల్లదనం ఆగకూడదని తీగని నేరుగా బ్యాటరీకే కలిపించారు. మూడో తరగతి పిల్లాడు కూడా చేసే లెక్క ఇది. గుడివాడలో పెళ్ళికి వెళ్ళి, ముహూర్తం, భోజనాలు, అప్పగింతలు అన్నీ అయ్యి వచ్చి తాళం తిప్పితే కారు కిక్కురుమనలేదు. పట్టుబట్టల్లో ఉన్న మగపెళ్ళివారు తోశారు. "బావగారూ, లోపల ఇరవై వేల పవర్‌బ్యాంకుందిగా, దాంతో స్టార్టు చెయ్యండి" అన్నాడు బావమరిది, వెనకనుంచి తోస్తూ. ఫోనుకి అయిదు వోల్టులిచ్చే ఆ డబ్బా ఇంజన్ని ఏం తిప్పుతుంది? ఇన్నాళ్ళూ ఆయన దానికి చలవ చేశారు గానీ, అది ఆయనకి చేసిందేం లేదు.

కారు మార్చేశారు. షోరూములో మైలేజీ అడగలేదు, ఎయిర్‌బ్యాగులు అడగలేదు. "కూల్డ్ గ్లవ్‌బాక్సు ఉందా?" అని ఒక్కటే అడిగారు. ఉంది. ఏసీ గాలి పాయ ఒకటి పెట్టెలోకి వస్తుంది, ఏసీ ఆగితే అదీ ఆగుతుంది. నడుస్తున్నంతసేపూ పెట్టెకి గాలి చాలడం లేదని తక్కిన ఏసీ రంధ్రాలన్నీ ఆయనే మూసేస్తారు. వెనక సీట్లో కూర్చుని విజయవాడ నుంచి గుంటూరు వెళ్ళినవాళ్ళకి ఆవకాయ మాగడమంటే ఏమిటో తెలుస్తుంది. దానికి తోడు, చల్లబడ్డ ఫోనుని మన కోస్తా ఉక్కలోకి తీస్తే దాని ఒంటినిండా చెమ్మ. అందుకోసం చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికాజెల్ పొట్లాలు అపార్టుమెంటంతా తిరిగి పోగుచేస్తారు. గుమ్మంలో ఆయన్ని చూడగానే పొట్లం తెచ్చి ఇచ్చెయ్యడం మాకందరికీ అలవాటైంది.

లిథియం బ్యాటరీకి వేడంటే పడదనడం నిజమే. ఐఫోనుని ముప్పై అయిదు డిగ్రీల లోపు వాడాలనీ, వాడకపోయినా నలభై అయిదు దాటనివ్వకూడదనీ ఆపిల్ వాళ్ళే చెబుతారు. ఆ లెక్కన బెజవాడలో మార్చి నుంచి జూన్ దాకా పగటిపూట ఆరుబయట ఫోను ఎత్తకూడదు. అప్పు అడిగేవాళ్ళు చేసినప్పుడు శీతలరావుగారు ఎత్తరు కూడా.

ఆవిడ పరిష్కారం ఆవిడకుంది. దిగేటప్పుడు అవన్నీ హ్యాండ్‌బ్యాగులో వేసుకుని లోపలికి పట్టుకుపోవడం. ఖర్చు లేదు, తీగలు లేవు, పెల్టియర్ లేడు. "అలా అయితే ఇక గ్లవ్‌బాక్సు ఎందుకే?" అంటారాయన. ఓడిపోయిన మనిషి మాత్రమే సామాను ఇంట్లోకి మోసుకుపోతాడని ఆయన సిద్ధాంతం.

ఈ ఏడాది డాష్‌క్యామ్ కొన్నారు. ముందు అద్దానికి అతికించిన మొదటిది ఎండకి బ్యాటరీ ఉబ్బి పోయింది. బ్యాటరీకి బదులు సూపర్ కెపాసిటర్ ఉన్నది కొంటే వేడికి బాగా ఆగుతుందని షాపువాడు చెప్పాడు. సరే అని అదే కొని, ఎందుకైనా మంచిదని దాన్నీ గ్లవ్‌బాక్సులోనే పెట్టారు. అప్పట్నుంచీ ఆ కెమెరా కారెక్కినప్పుడల్లా చీకటిని శ్రద్ధగా రికార్డు చేస్తోంది.

మొన్న ఏలూరు రోడ్డులో ముందు వెళ్తున్న ఆటోని గుద్దారు. తప్పు ఆటోవాడిదేనని పోలీసు స్టేషన్లో గట్టిగా వాదించి, సాక్ష్యం ఉందంటూ మెమరీ కార్డు తీసిచ్చారు. కానిస్టేబుల్ కంప్యూటర్లో పెట్టాడు. కాసేపు కటిక చీకటి. తర్వాత మూత తెరుచుకుని, పెసరరంగు చీర కుచ్చిళ్ళు. వెనకనుంచి ఆవిడ గొంతు: "ఇప్పుడెందుకండీ డిగ్రీలు చూడ్డం! ఆ పెట్టె మూసి ముందు చూడండి, ఆటో ఆగింది... ఆగిందండీ!" ఆ తర్వాత ధన్‌మని చప్పుడు.

కానిస్టేబుల్ శీతలరావుగారి వంక చూశాడు. ఆయన కంప్యూటర్నే చూస్తున్నారు.

"గమనించారా," అన్నారు, "నడి మే నెలలో కూడా ఆడియో ఎంత క్లియర్‌గా ఉందో!"