అటకకు భూసేకరణ నోటిఫికేషన్

ఉగాది దగ్గరికొచ్చింది. భోగికి పారేద్దామనుకుని పారేయలేకపోయిన సామానుకి ఇది రెండో గడువు. భోగి మంటలో పాత సామాను వెయ్యాలన్నది పెద్దల మాటే గానీ, మా వైపు ఆ మంటలో పడేవి ఎప్పుడూ పక్కింటివాళ్ల దుంగలూ, పై వీధివాళ్ల తడికెలే. మన సామాను మన అటక మీద భద్రం.

ఈసారి మా ఆవిడ చట్టప్రకారం వెళదామంది. భోగాపురంలో పదేళ్లుగా విమానాశ్రయం కబుర్లు వింటూ కాపరం చేసిన మనిషికి రెవెన్యూ భాష నోట్లో నానిపోయింది. "ప్రజా ప్రయోజనం కోసం అటక మొత్తం స్వాధీనం చేసుకుంటున్నాం. అభ్యంతరాలుంటే సాయంత్రంలోగా చెప్పుకోండి" అని ప్రకటించింది. 2013 భూసేకరణ చట్టం అభ్యంతరాలకు 60 రోజులిస్తుందని గుర్తు చేశాను. అదే చట్టంలో అత్యవసర నిబంధన కూడా ఉందంది. ఉంది. మా ఇంట్లో అది పెళ్లయిన నాటి నుంచీ అమల్లో ఉంది.

సర్వే మొదలైంది. రెక్కల్లేని ఫ్యాను ఒకటి, ఫ్యాను లేని రెక్కలు మూడు. కిరసనాయిలు స్టవ్వూ, దాని పిన్నులూ. నవారు మంచం పట్టెలు. టీవీ పోయినా పోని టీవీ అట్టపెట్టె, లోపల థర్మోకోల్‌తో సహా. కాలం చెల్లిన పంచాంగాలు, విడాకులు కూడా అయిపోయిన జంటల పెళ్లి కార్డులు. అన్నిటికీ వెనక, పట్టాదారు పాసుపుస్తకం లేకుండానే అనుభవంలో ఉన్నట్టు, ఒక హరికేన్ లాంతరు.

మొదటి అభ్యంతరం మా అమ్మది. "ఏటి పారేత్తారు? హుదూద్‌కి కరెంటు నేనప్పుడు ఏ దీపం యెట్టుకున్నార్రా? ఆ లాంతరు కాదేటి?"

దీనికి జవాబు లేదు. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన తుఫాను అది. సెల్‌ఫోన్లు చచ్చి లాంతర్లు బతికిన రోజులవి. అప్పట్నుంచీ ఉత్తరాంధ్రలో ఏ సామాను పారేద్దామన్నా, "మళ్లీ హుదూద్ వస్తే?" అన్న ఒక్క ప్రశ్నతో స్టే వచ్చేస్తుంది. థర్మోకోల్ కూడా ఆ స్టే కిందే బతుకుతోంది. తుఫానులో దానితో ఏం చేస్తామని మాత్రం ఎవరూ అడగరు.

రెండో అర్జీ మా అమ్మాయిది, ఫోన్ చూసుకుంటూ. జపాన్‌లో మేరీ కొండో అనే ఆవిడ చెప్పిందట: వస్తువుని చేత్తో పట్టుకోవాలి, సంతోషం కలిగితే ఉంచుకోవాలి, లేకపోతే దణ్ణం పెట్టి సాగనంపాలి. మా అమ్మ కిరసనాయిలు స్టవ్వుని పట్టుకుని కూర్చుంది. సంతోషంతో పాటు మా నాన్న, ఆయన జీతం, అప్పటి పంచదార ధర అన్నీ గుర్తొచ్చాయి. స్టవ్వు ఉండిపోయింది. ముగ్గురు పిల్లలయ్యాక ఇల్లు సర్దడం తనూ కొంత మానేశానని ఆ కొండో గారే 2023లో ఒప్పుకున్నారు. ఆ సంగతి నేను మా ఆవిడకి చెప్పలేదు.

"సరే, ఒక పనికి రెండేసి వస్తువులెందుకు? రెండు ఇస్త్రీపెట్టెలు, రెండు కుక్కర్లు?" అని మా ఆవిడ నిలదీసింది.

మన విమానాశ్రయానికి రెండు శంకుస్థాపనలు లేవా అన్నాను. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు నాయుడు గారు ఒకసారి వేశారు. 2023 మేలో జగన్మోహన్ రెడ్డి గారు ఇంకోసారి వేశారు. మొదటిదాన్ని అటకెక్కించి రెండోది తెచ్చుకున్న ప్రభుత్వాన్ని ఏమీ అననివాళ్లు కుక్కర్‌ని అంటారా? ఎకరాల సంగతీ అంతే. 2,700 దాకా అనుకున్నవి బరువయ్యాయని 500 తీసి పక్కన పెట్టారు, 2,200 మిగిలాయి. తర్వాత వచ్చినవాళ్లు ఆ 500నీ మళ్లీ లోపలికి తెచ్చుకున్నారు. చెత్తబుట్ట దాకా వెళ్లిన ఇస్త్రీపెట్టె వెనక్కొస్తే మాత్రం మా ఇంట్లో గొడవ.

చీకటిపడేసరికి అటక ఖాళీ అయింది. నిర్వాసితులందరికీ మా అమ్మ మంచం కింద పునరావాసం కల్పించాం. చోటు ఇరుకు, వరస బాగుంది. పాత ఇనప సామాను కొనే ఆటో మైకులో అరుచుకుంటూ మా వీధిలోకి వచ్చింది, అలాగే అరుచుకుంటూ వెళ్లిపోయింది.

ఇదంతా నవ్వులాటే. రన్‌వే కోసం మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఖాళీ అయినప్పుడు మాత్రం నవ్వులాట కాదు. ఆ జనం పోలిపల్లి, గూడెపువలస దగ్గర కట్టిన కాలనీలకు వెళ్లారు. చట్టం ఇంటికి లెక్క కడుతుంది, చెట్టుకి కడుతుంది, బావికి కడుతుంది. పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఎదురింటివాళ్లతో తగువు పెట్టుకునే సౌకర్యానికి ఆ ఫారంలో గడి లేదు. సామాను తగ్గించుకుంటే మనసు తేలికపడుతుందని ఉపదేశించేవాళ్లంతా ఉన్న ఇంట్లోనే ఉండి ఉపదేశిస్తారు. ఆ మాట ఊరు విడిచినవాళ్ల ముందు అనడానికి ఎవరికీ నోరు రాదు.

ఇంకో లెక్క ఉంది. ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టుకి భూమి తీసుకోవాలంటే నష్టపోయే కుటుంబాల్లో 70 శాతం ఒప్పుకోవాలంటుంది 2013 చట్టం. మా ఇంట్లో నలుగురం. ముగ్గురం పారేద్దామన్నాం, అంటే 75 శాతం. చట్టప్రకారం లాంతరు పోవాలి. పోలేదు, ఎందుకంటే కాదన్న ఆ ఒక్కరి చేతిలో వంటిల్లుంది, మర్నాటి చారూ అన్నం ఉన్నాయి. మరడపాలెం వాళ్ల చేతిలో ఏ సర్కారు వంటిల్లూ లేదు.