ముక్క పడుకుంది, ముట్టుకోకండి

అమెరికాలో స్టేక్ కాల్చడం వంట కాదు, వ్రతం. అందులో కఠినమైన ఘట్టం చివరిది. నిప్పుల మీంచి దించిన ముక్కని చెక్కపలక మీద పెట్టి, పైన అల్యూమినియం రేకు కప్పి, పది నిమిషాలు ఎవరూ ముట్టకూడదు. ముక్క విశ్రాంతి తీసుకుంటోందట! పళ్లేలు పట్టుకుని నిలబడ్డవాళ్ల ఆకలి ఊసు వ్రతకథలో లేదు.

డాలస్‌లో, న్యూజెర్సీలో మన కుర్రాళ్లది మరీ నిష్ఠ. కోడివేపుడు బాణలిలో ఉండగానే ఓ ముక్క ఎత్తి, ఉఫ్ఫుఫ్ఫని ఊదుకుంటూ నోట్లో వేసుకున్న వంశం వాళ్లది. గ్రిల్ కొన్న మర్నాటి నుంచీ మాత్రం వేలి మందం కూడా లేని గొర్రె చాప్స్‌కి పటకారు అడ్డం పెట్టి, "ఆగు బావా, జ్యూసెస్ సెటిలవ్వాలి" అంటారు.

వ్రతమన్నాక మహాత్మ్యం ఉండాలి కదా. సెగకి బెదిరి రసమంతా ముక్క నడిమధ్యకి పారిపోతుందట. చల్లబడ్డాక ధైర్యం తెచ్చుకుని అంచులకి తిరిగొస్తుందట. మరి నిప్పుల మీద ముక్క చుయ్యిమన్నది ఎందుకు? బయటికొచ్చిన రసం, కొవ్వు మండే సెగకి తగిలినందుకు. వేడికి మాంసం నారలు ముడుచుకుని నీటిని పిండేస్తాయి. చల్లారుతుంటే ఆ రసం కాస్త చిక్కబడి నెమ్మదిగా కారుతుంది. మహాత్మ్యం మొత్తం ఇంతే.

రసం పేరిట ఇంతకుముందూ ఓ పురాణం నడిచింది. ముందే గట్టి సెగ తగిలిస్తే పైన పెంకు కట్టి రసం లోపలే బందీ అవుతుందనే నమ్మకానికి జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1847లో శాస్త్రం ముద్ర వేశాడు. 1930లలో తూకాలు వేసి చూస్తే అదేం లేదని తేలింది. వంటల వెనక శాస్త్రం రాసే హెరాల్డ్ మెగీ 1984లో పుస్తకం రాసి మరీ ఆ మాటే చెప్పాడు. అయినా వంట వీడియోల్లో మూడో నిమిషంలో రసానికి తాళం పడుతుంది, ఎనిమిదో నిమిషంలో కాపలా మొదలవుతుంది. తాళమే నిజమైతే కాపలా ఎందుకు స్వామీ?

ఈ విశ్రాంతి మీద అమెరికా వంట పండితుల్లోనూ రెండు పక్షాలున్నాయి. ఆగి కోస్తే పలక మీద తక్కువ రసం కారుతుందని వంటల రచయిత కెంజీ లోపెజ్-ఆల్ట్ కోసి చూపించాడు. నిజమే కావచ్చు. ఆ కారింది మాత్రం ఎక్కడికి పోయిందన్నది బార్బెక్యూ రచయిత మీట్‌హెడ్ గోల్డ్‌విన్ పక్షం. పళ్లెంలోకే కదా! ముక్కతో అద్దుకుంటే సరి. పులుసు గిన్నె అడుగు వేలితో తుడిచి నాకే మనకి ఈ సంగతి ఒకరు చెప్పాలా? ఆ నాలుగు చుక్కలు కాపాడబోయి పోగొట్టుకునేదో: రేకు కింద ఆవిరి పట్టి కరకరలాడే పైపొర మెత్తబడుతుంది, కొవ్వు పేరుకుంటుంది, కొరికితే చల్లగా తగులుతుంది.

ఆగాల్సిన చోట్లు లేకపోలేదు. థాంక్స్‌గివింగ్ టర్కీ, పెద్ద రోస్ట్ దించాక కూడా లోపల ఉడుకుతూనే ఉంటాయి, కోసేవాడి చేతులూ కాలకూడదు. మన బిర్యానీ దమ్ము కూడా మూత కింద సాగే వంటే, నిద్ర కాదు. స్టేకులు, చాప్స్ లోపల 145 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరాక 3 నిమిషాలు ఆగమని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. అదీ క్రిములు చావడానికి, రసం ఇల్లు చేరడానికి కాదు.

ఎన్ని చెప్పినా ఈ వ్రతానికి భంగం లేదు. పది నిమిషాలాగి కోసినప్పుడు పలక పొడిగా ఉంటే, అది విశ్రాంతి మహిమ. ఎర్రగా మడుగు కడితే, "ఇంకో ఐదు నిమిషాలు ఆగాల్సింది, మీరే తొందరపెట్టారు."