అయ్యా, మూడో గడి ఏదీ?

మహారాజశ్రీ భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ (ఐసీఏఐ) అధ్యక్షుల వారి దివ్య సముఖానికి, నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ పట్టణం నమస్కరించి విన్నవించుకునేది ఏమనగా:

ఇక్కడ అంతా క్షేమం. ఏళ్ల తరబడి అడిగిన పసుపు బోర్డు వచ్చింది. దాని కేంద్ర కార్యాలయాన్ని 2025 జూన్‌లో నిజామాబాద్‌లో తెరిచారు కూడా. ఇంటర్ పాసైన పిల్లలే మీ సీఏ ఫౌండేషన్ పరీక్ష ఫారం ముందు కూర్చుని లేవడం లేదు. అందులో మీడియం అన్నచోట ఇంగ్లిష్, హిందీ అని రెండే గడులున్నాయి. తెలుగు మీడియంలో సీఈసీ చదివిన పిల్ల ఏది నొక్కాలి?

ఆ పిల్లకు లెక్కలు రాక కాదు. చిట్టా, ఆవర్జా, అంకణా, బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక రెండేళ్లపాటు తెలుగులో చేసింది. ఇంట్లో నాన్న మార్కెట్ యార్డు నుంచి తెచ్చిన తక్‌పట్టీ చూసి హమాలీ, దడువాయి, కమీషన్ పోను చేతికి ఎంత మిగిలిందో నోటితో చెప్పేస్తుంది. పచ్చి పసుపుకు జీఎస్టీ లేదని, అదే కొమ్మును ఉడకబెట్టి ఎండబోస్తే 5 శాతం పడుతుందని పసుపూరి పిల్లకు వేరే చెప్పాలా?

మీ పరీక్షలో నాలుగు పేపర్లు. అకౌంటింగ్, బిజినెస్ లా రాసేవి. గణితం, ఎకనామిక్స్ సరైన జవాబుకు టిక్కు పెట్టేవి. ఈ రెండింట్లో తప్పు పెడితే పావు మార్కు కోత. ప్రతి పేపర్లో 40, మొత్తం మీద 50 శాతం రావాలి. జవాబు తెలిసీ ప్రశ్న అర్థంకాక పోయే ఆ పావు మార్కులు, ఖరీదుదారు క్వింటాలుకింత అని తీసే తరుగు లాంటివి. ఎందుకు తీశాడో రైతుకు చెప్పడు.

లక్నో పిల్లవాడు తన భాషలో రాసుకోవచ్చు. రాసుకోనివ్వండి, అతని మీద ఇక్కడెవరికీ కడుపుమంట లేదు. మరి వరంగల్ పిల్లవాడు చేసిన పాపమేంటి? నీట్ 13 భాషల్లో ఉంది, జేఈఈ మెయిన్ 13 భాషల్లో ఉంది. కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ పరీక్ష కూడా 2024 నుంచి తెలుగులో వచ్చింది. డాక్టరు చదువు సీటుకు తెలుగు పనికొస్తుంది, సరిహద్దులో తుపాకీ పట్టడానికి పనికొస్తుంది, కలెక్టరయ్యేందుకు సివిల్స్ మెయిన్స్ రాయడానికీ పనికొస్తుంది. ఆర్మూర్ బజారులో ఒక పసుపు దుకాణం లెక్కల మీద ఆడిట్ సంతకం పెట్టడానికి మాత్రం పనికిరాదా! ఇదేం లెక్క, ఆడిటరు దొరలూ?

ఆడిట్ రిపోర్టు ఇంగ్లిషులో రాయాలి కదా అంటారేమో. అయితే హిందీ గడి ఎందుకు పెట్టారు? డిగ్రీ చేసి రమ్మంటే, బీకాంలో 55 శాతం తెచ్చుకుని నేరుగా సీఏ ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు, నిజమే. మూడేళ్లు ఆగి అక్కడికి వెళ్లినా ఆ ఫారంలోనూ అవే రెండు గడులు.

1949లో పుట్టిన మీ సంస్థకు 2016లో హైదరాబాద్‌కు చెందిన ఎం. దేవరాజరెడ్డి అధ్యక్షులయ్యారు. తెలుగువాళ్లు ఆ కుర్చీ దాకా వెళ్లారు, తెలుగు మాత్రం మీ గేటు బయటే ఉంది. ఈ ప్రాంతానికి కడుపు మండితే ఏం చేస్తుందో 2019 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా చూసింది. పసుపు, ఎర్రజొన్న రైతులు కట్టగట్టుకుని నామినేషన్లు వేస్తే నిజామాబాద్ బరిలో 185 మంది తేలారు. మీ కౌన్సిల్ ఎన్నికల్లో ఆ పప్పులుడకవు. ఓటేయాలంటే ముందు సీఏ కావాలి, సీఏ కావాలంటే ముందు ఆ గడి దాటాలి.

పోనీ, పంతం వద్దు. ఫైనల్ ఇంగ్లిషులోనే ఉంచండి. ఆడిటర్ల దగ్గర పని నేర్చుకునే ఆర్టికల్‌షిప్‌ను 2023లో మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించారు, సంతోషం. ఆ రెండేళ్లలో ఫైళ్ల మధ్య కూర్చుంటే ఇంగ్లిషు దానంతటదే వస్తుంది. ఫౌండేషన్ ఒక్కటి తెలుగులో రాయనివ్వండి. అదీ కష్టమైతే, నీట్‌లో ఇచ్చినట్టు ప్రశ్నను ఇంగ్లిషులో, పక్కనే తెలుగులో అచ్చేయండి. పిల్లలు చదువుకుని అర్థం చేసుకుంటారు. అంతకుమించి ఏమీ అడగడం లేదు.

పనిలో పనిగా ఇంకొకటి. ఆర్టికల్‌షిప్‌లో ఇచ్చే కనీస స్టైపెండును ఊరి జనాభాను బట్టి కట్టారు. 20 లక్షలు దాటిన నగరానికి ఒక రేటు, 4 లక్షలు దాటితే ఇంకో రేటు, ఆ లోపైతే అన్నిటికంటే తక్కువ. పని అదే, పుస్తకాలవే, పరీక్షా అదే. ఆర్మూర్ సంగతి సరే, జిల్లా కేంద్రమైన నిజామాబాద్ జనాభాయే 2011 లెక్కల్లో 3,11,152. తక్కువ పడ్డ ఆ 89 వేల మందిని పిల్లలు ఎక్కణ్నుంచి తోలుకురావాలో కూడా సెలవియ్యగలరు.

ఇట్లు,
ఆర్మూర్