చెయ్యుండగా క్లాంపెందుకు?

మహారాష్ట్రలోని మరమగ్గాల ఊరు భివండీలో పట్టు విషయంలో అశ్రద్ధ చేస్తారని ఎవరైనా అంటే నమ్మకండి. నేస్తున్న బట్ట వెడల్పు తగ్గకుండా సాంచాకి, అంటే మరమగ్గానికి, రెండు వైపులా ముళ్ల రింగులు అంచుల్ని పట్టుకునే ఉంటాయి. అడ్డంగా నేసే పేక తెగితే వెఫ్ట్ ఫోర్క్ పసిగట్టి సాంచాని ఆపేస్తుంది. పేకని మోసే నాడె మధ్యలో ఇరుక్కుంటే దువ్వెనలాంటి పన్నె విరగకుండా ఇంకో ఏర్పాటు. నూలుపోగు మీద ఇంత ప్రేమ ఉన్న ఊళ్లో, అదే సాంచా విడిభాగానికి చిల్లు వేసే రిపేరు షెడ్డులోకి వెళ్తే, డ్రిల్లింగ్ మిషను కింద ఇనప పట్టీని పట్టుకున్నది ఓ కుర్రాడి ఎడమ చెయ్యి.

క్లాంపు లేకనా? ఉంది. ఆరంగుళాల సి-క్లాంపు, నిక్షేపంలా ఉంది. వానలకి టార్పాలిన్ ఎగిరిపోకుండా దూలానికి బిగించారు. దసరా నాడు దానికీ కుంకుమ బొట్టు, ఓ బంతిపువ్వు. పనిముట్లని పూజించే జాతి కదా మనది, వాడి మైల చేస్తామా!

ఇదేంటన్నా అని అడిగితే కుర్రాడికి పని నేర్పే ఉస్తాదు నవ్వుతాడు. "ఇన్నేండ్ల సంది చేస్తున్న. నా చెయ్యే క్లాంపు."

"జారితే?"

"జారితే ఇడిసిపెడ్త."

ఈ ఇడిసిపెట్టుడు సంగతి కాస్త లెక్కేద్దాం. చిల్లు పడుతున్నంతసేపూ పట్టీ బుద్ధిగానే ఉంటుంది. డ్రిల్ బిట్ అడుగు నుంచి బయటపడే క్షణంలోనే తంటా. మిగిలిన పల్చటి రేకు అంచు బిట్ మెలికలో చిక్కుకుంటుంది, పట్టీ మొత్తం బిట్‌తో పాటు తిరగబోతుంది. నిమిషానికి వెయ్యి చుట్లు వేసే మిషనైతే సెకనుకి పదహారు దాటాయి. కన్ను చూసి, మెదడు చెప్పి, వేళ్లు వదిలేసరికి సెకనులో ఐదో వంతు పోతుంది. ఈలోపు పట్టీ మూడు చుట్లు తిరిగేసింది. ఉస్తాదు చెయ్యి వదులుతాడు, నిజమే. పట్టీ చేతిని వదలాలి కదా!

షెడ్డు యజమాని సేఠ్ వాదన ఇంకా ముచ్చటైనది. క్లాంపు బిగించి విప్పడానికి అర నిమిషం పోతుంది, పీసులు తగ్గుతాయి. నిజానికి పట్టీ కింద ఓ చెక్కముక్క పెట్టి, క్లాంపుతో బల్లకి బిగించి, పొడుగు పట్టీ అయితే దాని ఎడమ కొస మిషను స్తంభానికి ఆనేలా పెట్టుకుంటే చాలు, తిరగబోయినా స్తంభమే ఆపుతుంది. ఆ అర నిమిషం ఆయనకి బంగారం. టీ కోసం, కరెంటు కోసం, ఫోనులో బేరం కోసం పోయే గంటలకి మాత్రం లెక్కలేదు.

ఆయన్ని అడిగే నాథుడు లేకపోవడానికీ ఓ కథ ఉంది. 1982 జనవరిలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలయ్యాక బట్ట పని చాలా మటుకు భివండీ షెడ్లకి మళ్లింది. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి వచ్చి భివండీ పద్మనగర్‌లో స్థిరపడ్డ మనవాళ్ల చేతులకి పని దొరికింది. మిల్లు పని వచ్చింది గానీ మిల్లు యూనియను దాని వెంట రాలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట పదిమంది పనివాళ్లుంటేనే ఫ్యాక్టరీ అనేది. కాబట్టి ఒకే కప్పు కింద అడ్డగోడలు, నాలుగు కంపెనీల పేర్లు, ఒక్కో పేరు మీద తొమ్మిదిమంది. పదో మనిషి భివండీలో పుట్టనే లేదు. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ ఆ పదిని ఇరవై చేసి, అడ్డగోడలు కట్టే ఖర్చు కూడా తగ్గించింది.

చట్టం చేతుల్ని బొత్తిగా మరిచిపోయిందని కాదు. 1923 నాటి నష్టపరిహార చట్టం వేలికో రేటు కట్టింది. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు, చూపుడువేలికి 14, నడిమివేలికి 12, ఉంగరపువేలికైనా చిటికెనవేలికైనా 7. చెయ్యే క్లాంపనే సేఠ్‌లు ఈ పట్టిక చూసుకుని, చవక వేళ్లతోనే పట్టుకోమని కుర్రాళ్లకి చెబితే బావుంటుంది. కొన్ని వందల రూపాయల క్లాంపుతో పోలిస్తే ఏ వేలు గిట్టుబాటో లెక్కలు రాసే మునీమ్‌జీ తేల్చి చెప్పగలడు.

నాదో చిన్న మనవి. చేతి పట్టు అంత గొప్పదైతే రోజూ పొద్దున్నే బోణీ పట్టీ సేఠ్ గారే పట్టుకోవాలి. మిషను హ్యాండిల్ మాత్రం కుర్రాడి చేతికివ్వాలి. టార్పాలిన్‌కి ఈలోపు ఓ తాడు చూడండి.