‘బండి సైడ్‌కు పెట్టు’: సటీక తాత్పర్యము

మూలం: “బండి సైడ్‌కు పెట్టు. కాగితాలు తియ్. సార్‌తో మాట్లాడు.”

అవతారిక. ఈ త్రిసూత్రి హైదరాబాదు మహానగరంలో మెట్రో స్తంభాల చాటునా, ఫ్లైఓవర్లు దిగే చోటా, యూటర్ను మలుపుల్లోనూ నిత్యం పారాయణమవుతున్నప్పటికీ దీనికి ఇంతవరకు ఒక్క వ్యాఖ్యానమైనా వెలువడకపోవడం, కాళిదాస కావ్యాలకు టీకలు రచించిన మల్లినాథసూరి స్వస్థలంగా పండితులు చెప్పే మెదక్ సీమ కొల్చారానికి ఎంతో దూరం లేని నగరానికి శోభనిచ్చే విషయం కాదు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మల్లినాథుడు ప్రతిజ్ఞ పూనాడు. ప్రస్తుత వ్యాఖ్య అందులో రెండో భాగాన్ని నిలబెట్టుకోగల స్థితిలో లేదు.

బండి, సైడు, కాగితాలు అనే మాటలకు ప్రతిపదార్థం చెప్పడం పాఠకులను అవమానించడమే గనుక విడిచిపెట్టడమైనది.

సూత్రవిచారం. సూత్రానికి అక్షరాలు కొద్దిగా ఉండాలనీ, అర్థం సందేహానికి తావివ్వరాదనీ లాక్షణికుల మతం. మొదటి నియమం ఇక్కడ సంపూర్ణంగా పాటించబడింది. రెండోదాని విషయానికి వస్తే, బండిని ఏ తప్పుకు ఆపారన్నది మూలంలో ఎక్కడా లేదు. ఇలా లోపించిన పదాన్ని వినేవాడే తెచ్చి కలుపుకోవడాన్ని అధ్యాహారం అంటారు. బండి నడిపేవాడు ఈ పనిని ఎంత శ్రద్ధగా చేస్తాడంటే, హెల్మెట్ బెల్టు బిగించలేదనీ, ఎడమవైపు అద్దం నిన్ననే విరిగిందనీ, వెనక నంబరు ప్లేటు మీద మట్టి పడిందనీ అడగకుండానే వరసపెట్టి విన్నవించుకుంటాడు. ఆపింది మాత్రం పెండింగ్ చలానా కోసం. “ఎందుకాపారు సార్?” అన్న ప్రశ్నకు “చెప్తా, ముందు సైడ్‌కు పెట్టు” అనే సమాధానం పునరుక్తి దోషమని కొందరు ఆక్షేపించవచ్చు గాని, సూత్రకారుడు మొదటి సూత్రాన్ని దాటి రావడానికి ఇష్టపడడం లేదని గ్రహిస్తే ఆ దోషం తొలగిపోతుంది.

అధికారి నిర్ణయం. శాస్త్రగ్రంథం ఏదైనా ముందుగా అనుబంధ చతుష్టయాన్ని, అంటే విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని తేల్చాలి. విషయం కాగితాలు. ప్రయోజనం వివాదాస్పదం. సంబంధం ఆ క్షణం వరకు లేదు. అధికారి అనగానే ఖాకీ ప్యాంటు తొడిగినవాడని పొరపడరాదు. శాస్త్రంలో అధికారి అంటే బోధను అందుకొనే అర్హత గలవాడు, కనుక ఇక్కడ అధికారి బండి మీద కూర్చున్నవాడే. వేదాంతం ఇలాంటివాడికి సాధన చతుష్టయాన్ని, అంటే నాలుగు అర్హతలను విధించినట్టే ఇక్కడ లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ విహితమయ్యాయి. వీటివల్ల నిత్యానిత్య వస్తు వివేకం, అంటే ఏది నిలుస్తుందో ఏది నిలవదో తెలిసే జ్ఞానం దానంతట అదే కలుగుతుంది. ఆర్‌సీ 15 ఏళ్లు నిలుస్తుంది, పాతబండి ఇన్సూరెన్సు ఏడాదికి తీరుతుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ బండిని బట్టి ఆరు నెలలకో ఏడాదికో గడిచిపోయి, ఆ గడిచిన సంగతి సరిగ్గా ఈ సూత్రం వినపడిన రోజునే తెలుస్తుంది. ఇహఫలాల మీద విరక్తి ఆఫీసు బయోమెట్రిక్ వేళ దాటిన వెంటనే వస్తుంది. ముముక్షుత్వం, అంటే విడుదల కావాలనే తపన, అందరిలోనూ పుష్కలం.

స్థలవిచారం. ఇక సూత్రం ఎక్కడ ఉచ్చరించబడుతుందన్నది ముఖ్యం. కౌటిల్యుని అర్థశాస్త్రం, మైసూరులో దొరికిన తాళపత్ర ప్రతి ఆధారంగా శామశాస్త్రి 1909లో అచ్చు వేయించిన ఆ మహాగ్రంథం, శుల్కాధ్యక్షుడి గురించి, అంటే సుంకాలు వసూలు చేసే అధికారి గురించి చెబుతూ, అతడు నగర మహాద్వారం దగ్గర తూర్పుకో ఉత్తరానికో అభిముఖంగా సుంకపుశాలను నిలిపి, దానితోపాటు జెండా కూడా నాటాలని విధించింది. అక్కడ నలుగురో అయిదుగురో ఉండి, వచ్చిన వర్తకులు ఎవరో, ఎక్కడివారో, సరుకెంతో, ముద్ర ఎక్కడ వేయించుకున్నారో రాసుకోవాలి. సుంకం కట్టకుండా జెండా దాటిపోయినవాడికి సుంకానికి ఎనిమిది రెట్ల దండన. ముద్రాధ్యక్షుడు ఇచ్చే ముద్ర లేకుండా తిరిగే స్థానికుడికి 12 పణాలు. బాలుడు తోలే బండిని రాజు స్వాధీనం చేసుకోవాలి. 2019 సవరణ తర్వాత మన మోటారు వాహనాల చట్టం ఇదే తప్పుకు తండ్రినో బండి యజమానినో 25,000 రూపాయల జరిమానాతోపాటు మూడేళ్ల దాకా జైలుకు పంపే వీలు కల్పించింది గాని, కౌటిల్యుడు బండితో సరిపెట్టుకోవడంలో ఒక పొదుపు ఉంది. రాజోద్యోగులు ధనాన్ని అపహరించే పద్ధతులు నలభై అని కూడా ఆయన లెక్కగట్టి, ఒక్కొక్కదాన్నీ పేర్కొన్నాడు. పక్కనున్న టీకొట్టు క్యూఆర్ కోడ్‌కు యూపీఐలో పంపించే పద్ధతి ఆ నలభైలో లేదు. ప్రాచీనుల పరిశీలనకు కూడా హద్దులుంటాయి.

ఇక్కడ గమనించవలసింది జెండా. దూరం నుంచి కనపడడం కోసమే జెండా. నలుగురైదుగురు నిలబడే సంప్రదాయం నేటికీ చెక్కుచెదరలేదు గాని, జెండా స్థానంలో స్తంభం చాటు వచ్చింది. వందడుగుల అవతల కూడలిలో సిగ్నల్ పనిచేయక నాలుగు దిక్కుల బండ్లూ మూతులు రాసుకుంటూ, అంబులెన్సు మోగుతూ నిలబడి ఉంటే, ఈ నలుగురూ మలుపు తిరిగినచోట కెమెరా పట్టుకొని వెనక ప్లేట్లను ఫొటో తీయడం దేనికో ఏ టీకాకారుడూ సమన్వయం చేయలేడు. పొగలో, మండుటెండలో పన్నెండు గంటలు నిలబడే కానిస్టేబుల్ మీద జాలి లేక అన్న మాట కాదిది. అతణ్ణి కూడలిలో కాక చాటున నిలబెట్టినవారి సంగతి.

తాళంచెవి ప్రకరణం. మొదటి సూత్రం ఉచ్చరిస్తుండగానే ఒక చెయ్యి హ్యాండిల్ మధ్యకు దూరి, తాళంచెవిని ఎడమకు తిప్పి, కీచెయిన్‌తో సహా లాగి చొక్కాజేబులో వేసుకుంటుంది. ఇంజను ఆగిన స్కూటరును కాలితో నెట్టుకుంటూ, వెనక బస్సు హారన్ కొడుతుండగా, రోడ్డు పక్కకు చేర్చడమే ‘సైడ్‌కు పెట్టు’కు ఆచరణరూపం. 1988 మోటారు వాహనాల చట్టంలో 206వ సెక్షన్ కాగితాలను స్వాధీనం చేసుకోవడం గురించీ, 207వ సెక్షన్ రిజిస్ట్రేషనో లైసెన్సో లేకుండా నడిపే బండిని నిర్బంధించడం గురించీ చెబుతాయి. తాళంచెవి ఆ రెండింటిలో లేదు. 130వ సెక్షన్ లైసెన్సు అడిగే హక్కును యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఇచ్చింది. ఇన్సూరెన్సు వంటి కాగితాలు దగ్గర లేకపోతే ధ్రువీకరించిన నకళ్లను గడువులోగా రిజిస్టర్డ్ పోస్టులో పంపినా చాలునని కూడా అదే చెప్పింది. 2018లో కేంద్ర నియమాలు మారి డిజిలాకర్‌లోని ప్రతి కూడా అసలుతో సమానమైంది. ఇదంతా రోడ్డు మీద చదివి వినిపించినవాడికి కలిగే ఫలం ఏమిటంటే, “ఓహో, చదువుకున్నోనివా?” అనే నాలుగో సూత్రం.

ధ్వనివిచారం. “సార్‌తో మాట్లాడు” అన్నదానికి వాచ్యార్థం నిర్దోషం. రాజీ జరిమానా తీసుకొనే అధికారం 200వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం పేర్కొన్న అధికారులదే గనుక కానిస్టేబుల్ పంపించడం న్యాయమే. అయితే జీపుకు ఆనుకొని ఫోనులో మాట్లాడుతున్న సార్ తల ఎత్తడు. తల ఎత్తకపోవడం, చలానా మిషను బొమ్మలా పక్కన ఉండడం, “ఎంతుంది నీ దగ్గర?” అనే గొంతు ఇంకెవరిదో కావడం, ఇవన్నీ కలిసి అసలర్థాన్ని వెనక్కి నెట్టి వ్యంగ్యార్థాన్ని ముందుకు తెస్తాయి. దీనినే ఆనందవర్ధనుడు ధ్వని అన్నాడు.

ఫలశ్రుతి వద్ద కూడా చిక్కే ఉంది. 2022 మార్చిలో తెలంగాణలో ద్విచక్ర వాహనాల పెండింగ్ చలానాల మీద 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం మాఫీ ప్రకటించారు. చలానా వచ్చిన రాత్రే మీసేవకు పోయి పూర్తి సొమ్ము కట్టినవాడు ఈ శాస్త్రంలో మందబుద్ధి కిందనే లెక్క.

పాఠాంతరం. కొన్ని ప్రతుల్లో ‘పెట్టు’కు బదులు ‘పెట్టండి సార్’ అనే బహువచన పాఠం కనపడుతుంది. పరిశీలించగా ఇది నల్లటి పెద్దకార్ల ప్రతుల్లోనూ, అద్దం మీద ఏదో ఒక స్టిక్కరున్న ప్రతుల్లోనూ మాత్రమే దొరికింది. స్కూటీల ప్రతుల్లో, డెలివరీ కుర్రవాళ్ల ప్రతుల్లో, ఆటోల ప్రతుల్లో ఒక్కచోటైనా లేదు. కాబట్టి ఆ బహువచనం ప్రక్షిప్తం.